కరెంటు అవసరం: ఎక్కడ, ఎప్పుడు, ఎంత?

హైదరాబాదులో ఎండలు మండిపోయేది మే నెలలో. ఆ రోజుల్లో ఫ్యాను ఆగితే ఇంట్లో కాసేపు కూడా కూర్చోలేం. కాబట్టి తెలంగాణలో కరెంటు వాడకం మే నెలలోనే శిఖరానికి చేరుతుందని ఎవరైనా అనుకుంటారు. లెక్కలు మాత్రం మరోలా చెబుతున్నాయి. 2025లో ఆ రాష్ట్రంలో విద్యుత్ డిమాండు 17 వేల మెగావాట్లు దాటింది మార్చి నెలలో! మే నెల అంత ఎత్తుకు చేరనే లేదు.

ఇతర రాష్ట్రాల సంగతి చూద్దాం. ఢిల్లీలో 2024 జూన్ 19న డిమాండు 8,656 మెగావాట్లకు చేరింది. పంజాబులో ఆ శిఖరం వరినాట్లు పడే జూన్, జూలై నెలల్లో కనిపిస్తుంది. కేరళలో 2024 మే 2న 5,797 మెగావాట్లు నమోదయింది. అదీ మిట్టమధ్యాహ్నం కాదు, రాత్రి పది దాటాక. కాశ్మీరు లోయలో వాడకం పెరిగేది చలికాలంలో. సరిగ్గా అప్పుడే అక్కడి నదుల్లో ప్రవాహం తగ్గి, జలవిద్యుత్తు కూడా తగ్గిపోతుంది.

దేశమంతా ఒకే గ్రిడ్డు. అందరి ఇళ్లలోనూ అవే బల్బులు, అవే ఫ్యాన్లు. అయినా ఒక్కో ప్రాంతం ఒక్కో కాలంలో, ఒక్కో వేళలో ఎక్కువ కరెంటు ఎందుకు అడుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు ఇంజనీర్లకు మాత్రమే అవసరమనుకుంటే పొరపాటు. రైతు పొలానికి కరెంటు పగలు వస్తుందా, రాత్రి వస్తుందా? మన బిల్లు ఎంత రావాలి? కొత్త విద్యుత్ కేంద్రం కట్టాలా, వద్దా? ఇవన్నీ ఆ జవాబు మీదే ఆధారపడి ఉన్నాయి.

డిమాండు అంటే ఏమిటి?

ముందు రెండు మాటలను విడదీసి అర్థం చేసుకోవాలి. నెలాఖరున మన బిల్లులో కనిపించే 'యూనిట్లు' మనం వాడుకున్న శక్తి మొత్తాన్ని తెలుపుతాయి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. 'డిమాండు' అనేది వేరు. ఒకానొక క్షణంలో అందరూ కలిసి ఎంత వేగంగా శక్తిని వాడుతున్నారో అది తెలుపుతుంది. దానిని కిలోవాట్లలో, మెగావాట్లలో కొలుస్తారు. బావిలోంచి రోజుకు ఎన్ని బిందెల నీళ్లు తోడామన్నది ఒక లెక్క. పొద్దున్నే ఒకేసారి ఎంతమంది చేదలు వేస్తారన్నది మరో లెక్క. బావి గిలకలు ఎన్ని ఉండాలో నిర్ణయించేది ఈ రెండో లెక్కే.

బియ్యం లాగా కరెంటును గోదాముల్లో పెద్దఎత్తున నిల్వ చేయడం ఇంకా తేలిక కాలేదు. బ్యాటరీలు, నీటిని ఎగువకు తోడి నిల్వచేసే కేంద్రాలు వస్తున్నా, మొత్తం అవసరంలో వాటి పాలు చిన్నదే. అందువల్ల వాడకం ఎంత ఉంటే ఉత్పత్తి కూడా ఆ క్షణానికి అంతే ఉండాలి. ఈ తూకం సరిగ్గా ఉందో లేదో ఫ్రీక్వెన్సీ చెబుతుంది. మన దేశంలో అది సెకనుకు 50 ఆవృత్తులు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎద్దుల బండి వేగం తగ్గినట్లే, లోడు పెరిగితే జనరేటర్ల వేగం తగ్గి ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. లోడు తగ్గితే అది పైకి వెళుతుంది. 49.90 నుంచి 50.05 మధ్య దానిని నిలపాలన్నది మన గ్రిడ్డు నియమం.

నీళ్లు తోడే కరెంటు

ఇప్పుడు తెలంగాణ మార్చి సంగతికి వద్దాం. దీనికి కారణం పొలాల్లోని బోరు మోటార్లు. రాష్ట్రంలో 25 లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లు ఉన్నాయి. ఒక్కో మోటారు 5 హార్స్‌పవర్ అనుకుంటే, అది దాదాపు 3.7 కిలోవాట్లు. వాటిలో సగం ఒకేసారి నడిచినా 4,600 మెగావాట్లు కావాలి.

డిసెంబరు, జనవరి నెలల్లో నాట్లు వేసిన యాసంగి వరి మార్చి నాటికి పొట్టకు వచ్చి గింజ పోసుకుంటూ ఉంటుంది. ఆ దశలో మడి ఎండకూడదు. అదే సమయంలో ఎండలు ముదిరి, మడిలోని నీరు త్వరగా ఆవిరవుతుంది. నగరాల్లో ఏసీలు కూడా మొదలవుతాయి. మూడూ ఒకచోట కలవడంతో మార్చిలో డిమాండు ఎగబాకుతుంది. ఏప్రిల్‌లో కోతలు మొదలవగానే మోటార్లు ఆగిపోతాయి. ఎండ పెరుగుతున్నా మొత్తం డిమాండు దిగివస్తుంది.

ఇందులో కంటికి కనిపించని మరో కారణం భూగర్భ జలమట్టం. ఒక చిన్న లెక్క వేద్దాం. ఎకరం వరికి బోరు నుంచి 50 లక్షల లీటర్ల నీరు తోడాలనుకుందాం. నీరు 30 మీటర్ల లోతులో ఉంటే, దానిని పైకి తేవడానికి సిద్ధాంతపరంగా 410 యూనిట్లు చాలు. కాని పొలాల్లో వాడే పంపుసెట్టు తీసుకునే కరెంటులో చాలా భాగం వేడి, రాపిడి రూపంలో పోతుంది. పంపు సామర్థ్యం 40 శాతం అనుకుంటే వెయ్యి యూనిట్ల పైచిలుకు అవసరం. నీటిమట్టం 60 మీటర్లకు దిగితే అదే ఎకరానికి, అదే పంటకు 2 వేల యూనిట్లు దాటుతాయి. రైతు ఒక్క గుంట కూడా అదనంగా సాగు చేయలేదు. కరెంటు మాత్రం రెట్టింపయింది. వానలు తగ్గిన ఏడాది డిమాండు ఎందుకు పెరుగుతుందో దీనివల్ల తెలుస్తుంది.

పంజాబు కథ కూడా ఇలాంటిదే. భూగర్భ జలాలు అడుగంటుతున్నాయని, నిర్ణీత తేదీకి ముందు వరినాట్లు వేయకూడదని అక్కడ 2009లో చట్టం చేశారు. ఎండాకాలపు మంటలో నీరు ఆవిరై పోకుండా, వానలు దగ్గరపడ్డాక నాట్లు వేయించడం దాని ఉద్దేశం. దీని వల్ల నాట్లన్నీ కొద్ది వారాల్లోనే పడతాయి. 2024 జూన్ చివరలో పంజాబు డిమాండు 16 వేల మెగావాట్లు దాటింది. శీతాకాలంలో అది సగం దరిదాపులకు పడిపోతుంది. ఆ కొద్ది వారాల కోసం ఏడాది పొడవునా లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు సిద్ధంగా ఉంచాల్సిందే.

ఎండ, ఉక్కపోత, వాన

నగరాల్లో మాత్రం డిమాండును ఆడించేది వాతావరణమే. గదిలో 24 డిగ్రీలు ఉండేలా ఏసీ పెట్టామనుకోండి. బయట 34 డిగ్రీలుంటే తేడా 10. బయట 42 డిగ్రీలైతే తేడా 18. గోడల గుండా లోపలికి వచ్చే వేడి ఇంచుమించు ఈ తేడాను బట్టే ఉంటుంది. ఎండ 8 డిగ్రీలు పెరిగితే ఏసీకి పని దాదాపు రెట్టింపవుతుంది. పైగా బయట వేడి పెరిగేకొద్దీ యంత్రం సామర్థ్యం కూడా తగ్గుతుంది.

కేరళ వంటి తీరప్రాంతాల్లో ఉష్ణోగ్రత అంత ఎక్కువ కాకపోయినా గాలిలో తేమ ఎక్కువ. ఏసీ గాలిని చల్లబరచడంతోపాటు ఆ తేమను నీటిగా మార్చి బయటికి పంపాలి. దానికీ శక్తి కావాలి. రాత్రిళ్లు కూడా ఉక్కపోత తగ్గకపోతే పడకగదుల్లో ఏసీలన్నీ ఒకేసారి నడుస్తాయి. అందుకే అక్కడ శిఖరం రాత్రి పది దాటాక వస్తుంది.

వాన పడితే పొలంలో మోటారు, ఇంట్లో ఏసీ రెండూ ఆగుతాయి. వాన ముఖం చాటేస్తే రెండూ కలిసి నడుస్తాయి. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో 2023 ఆగస్టు అంతటి వర్షాభావపు ఆగస్టు మరొకటి లేదు. దాని ఫలితంగా, మామూలుగా వానలతో డిమాండు తగ్గి ఉండాల్సిన కాలంలో, ఆ సెప్టెంబరు మొదట్లో దేశవ్యాప్త డిమాండు సుమారు 2,43,000 మెగావాట్లకు చేరింది. మరుసటి ఏడాది వడగాడ్పుల మధ్య, 2024 మే 30న అది 2,50,000 మెగావాట్ల స్థాయిని తాకింది.

గడియారం ఒకటే, పొద్దు రెండు

దేశమంతటా గడియారంలో ఒకే సమయం ఉంటుంది. కాని పొద్దు అందరికీ ఒకేసారి కుంకదు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అరుణాచల్ తూర్పు అంచుకూ గుజరాత్ పడమటి అంచుకూ మధ్య 29 డిగ్రీల తేడా ఉంది. అంటే సూర్యాస్తమయంలో దాదాపు 2 గంటల తేడా. ఈశాన్య రాష్ట్రాల్లో దీపాలు వెలిగించి వంట మొదలుపెట్టే వేళకు గుజరాత్‌లో ఇంకా ఎండ కాస్తూ ఉంటుంది. సాయంకాలపు శిఖరం తూర్పు నుంచి పడమటికి అలలా కదులుతుంది. ఒకచోట దిగే లోడు మరోచోట ఎక్కే లోడుకు చోటిస్తుంది.

రోజువారీ పనులు, పండుగలు, సెలవులు కూడా డిమాండు మీద తమ ముద్ర వేస్తాయి. ఆదివారం ఆఫీసులు, కొన్ని ఫ్యాక్టరీలు మూతపడి లోడు తగ్గుతుంది. మనుషుల నడవడి డిమాండును ఎంతగా కదిలించగలదో 2020 ఏప్రిల్ 5న దేశమంతా చూసింది. కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, ప్రధానమంత్రి పిలుపు మేరకు ఆ రాత్రి 9 గంటలకు 9 నిమిషాలపాటు ఇళ్లలో దీపాలు ఆర్పారు. 12-13 వేల మెగావాట్లు తగ్గవచ్చని గ్రిడ్డు నిర్వాహకులు అంచనా వేశారు. తగ్గింది సుమారు 31 వేల మెగావాట్లు! ముందే సిద్ధంగా ఉంచిన జలవిద్యుత్ కేంద్రాలను గబగబా తగ్గించి, మళ్లీ గబగబా పెంచి ఆ రాత్రి గ్రిడ్డును నిలబెట్టారు.

జనాభా ఒక్కటే కాదు

జనం ఎక్కువున్నచోట కరెంటు ఎక్కువ కావాలన్నది సగం నిజమే. బీహారులో 2020ల తొలినాళ్లలో తలసరి వాడకం ఏడాదికి 400 యూనిట్లకు లోపు. గుజరాత్‌లో అది 2 వేల పైమాటే. తేడాకు కారణం పరిశ్రమలు, ఆదాయం, నగరాలు. చిన్న ప్రాంతమైన దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ తలసరి వాడకంలో దేశంలోనే ముందుంటుంది. అక్కడి ప్రజలు ఇళ్లలో అంత వాడతారని కాదు. కొద్దిమంది జనాభా ఉన్నచోట ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి.

పరిశ్రమల లోడుకు ఒక మంచి గుణం ఉంది. రాత్రింబవళ్లు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. సగటు లోడును గరిష్ఠ లోడుతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని 'లోడ్ ఫ్యాక్టర్' అంటారు. ఇది ఎక్కువగా ఉంటే కట్టిన కేంద్రాలు, లైన్లు ఖాళీగా ఉండవు. ఇప్పుడు ఈ కోవలోకి డేటా కేంద్రాలు చేరుతున్నాయి. విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి డేటా కేంద్రాన్ని నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ప్రకటించింది. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. ఒక పెద్ద థర్మల్ కేంద్రం ఇచ్చేంత కరెంటు ఒకేచోట, రేయింబవళ్లు కావాలన్నమాట.

అభివృద్ధి ఎప్పుడూ డిమాండును పెంచుతూనే పోదు. 60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఇడి పెడితే 51 వాట్లు మిగులుతాయి. కోటి ఇళ్లలో సాయంత్రం వేళ ఒక్కొక్క బల్బు ఇలా మారితే 510 మెగావాట్ల లోడు తగ్గినట్లే. ఏసీలో ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. అందుకే కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా 2020 జనవరి నుంచి నియమం తెచ్చారు.

ధర, సరఫరా వేళలు

కరెంటును ఏ ధరకు, ఏ వేళల్లో ఇస్తారన్నది కూడా డిమాండును మలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల తొలినాళ్లలో మీటరు లెక్కన కాకుండా మోటారు హార్స్‌పవర్‌ను బట్టి రైతులు డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలయింది. కాలువ నీరు అందని మెట్టప్రాంత రైతుకు ఇది పెద్ద ఊరట. అయితే అదనపు యూనిట్‌కు అదనపు ధర లేనప్పుడు, మంచి పంపు కొనాలనో కెపాసిటర్ బిగించాలనో తొందర ఉండదన్నది కూడా నిజం.

వేళల ప్రభావం ఇంకా ఆసక్తికరమైనది. త్రీఫేజ్ కరెంటు కొన్ని గంటలే వచ్చే రోజుల్లో, ఎప్పుడు వస్తుందో తెలియక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. మోటారు లేచేటప్పుడు కొద్ది సెకన్లపాటు మామూలు కంటే 5 నుంచి 7 రెట్ల కరెంటు లాగుతుంది. అన్నీ కలిసి లాగితే వోల్టేజి కుంగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి కాలిపోతుంది. మోటార్ల వైండింగు కూడా పోతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా ఇచ్చినప్పుడు, నీరు వృథా కాకుండా ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరారు. కరెంటు ఎప్పుడైనా దొరుకుతుందన్న నమ్మకం కుదిరితే అందరూ ఒకేసారి మోటార్లు వేయాల్సిన పని ఉండదు.

మరో చిక్కు ఉంది. కరెంటు కోత ఉన్నప్పుడు మీటర్లలో నమోదయ్యేది ప్రజలకు అందినంత మాత్రమే. వారికి కావలసినంత కాదు. కోత వేళ చీకట్లో కూర్చున్న ఇల్లు ఏ రికార్డులోనూ కనిపించదు. 2014-15లో తెలంగాణ తీర్చగలిగిన గరిష్ఠ డిమాండు 7 వేల మెగావాట్లకు లోపే. ఆ తరువాతి పెరుగుదలలో కొంత నిజంగా కొత్త వాడకం. మరికొంత అంతకుముందు అణగి ఉన్న అవసరం బయటపడటం.

లెక్క తప్పితే

ఒక ప్రాంతంలో ఎంత కావాలో సరిగా లెక్కించి సర్దుకోకపోతే ఏమవుతుందో 2012 జూలై 30, 31 తేదీల్లో తెలిసివచ్చింది. వానలు సరిగా లేక ఉత్తర రాష్ట్రాలు తమ వాటాకు మించి కరెంటు లాగుతున్నాయి. పడమటి ప్రాంతంలో వాడకం అనుకున్నదానికంటే తక్కువ. ఆ మిగులంతా కొద్దిపాటి లైన్ల మీదుగా ఉత్తరానికి పరుగెత్తింది. బీనా-గ్వాలియర్ లైను భారం మోయలేక తెగిపోవడంతో, మొదటిరోజు ఉత్తర గ్రిడ్డు, రెండోరోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. రెండోరోజు 60 కోట్ల జనాభా ఉన్న ప్రాంతాలకు కరెంటు పోయింది. దేశంలో ఉత్పత్తి చాలక కాదు, ఎక్కడ ఎంత కావాలన్న తూకం చెడి.

అప్పటికి దక్షిణ గ్రిడ్డు మిగతా దేశంతో ఒకే లయలో కలిసి లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు 765 కిలోవోల్ట్ లైనుతో ఆ కలయిక పూర్తయింది. ఇప్పుడు ప్రాంతాల మధ్య శిఖరాల తేడాయే మనకు ఆస్తి. మార్చిలో తెలంగాణకు కావలసింది ఇతర ప్రాంతాల మిగులు నుంచి రావచ్చు. జూన్‌లో ఢిల్లీ, పంజాబులకు దక్షిణం నుంచి వెళ్లవచ్చు. అందరి శిఖరాలూ ఒకేరోజు రావు గనుక, ప్రతి రాష్ట్రం తన శిఖరానికి సరిపడా కేంద్రాలు కట్టుకోనక్కర్లేదు.

దీనికి ముందుచూపు కావాలి. రాష్ట్రాల లోడ్ డిస్పాచ్ కేంద్రాలు రేపటి రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఎంత కావాలో ఈరోజే అంచనా వేస్తాయి. దీర్ఘకాలపు అంచనాలు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ పని. 2022లో వచ్చిన దాని 20వ విద్యుత్ సర్వే, 2031-32 నాటికి గరిష్ఠ డిమాండు 3,66,000 మెగావాట్లకు చేరుతుందని చెప్పింది. అంచనాలు తప్పవచ్చు కూడా. 17వ సర్వే 2011-12కు 1,52,000 మెగావాట్ల పైచిలుకు ఊహించగా, తేలింది సుమారు 1,30,000. తక్కువ ఊహిస్తే కోతలు. ఎక్కువ ఊహిస్తే పనిలేక నిలిచిన కేంద్రాలకు స్థిరఛార్జీలు. అవి చేరేది మన బిల్లులోకే.

పగటి కరెంటు పగటికే

డిమాండు మన తలరాత కాదు. దానిని మనం మార్చవచ్చు. 2025 జనవరి చివరికి దేశంలో సౌరవిద్యుత్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. మధ్యాహ్నం కరెంటు మిగులుతూ, పొద్దు కుంకగానే కొరత వచ్చే పరిస్థితి ఏర్పడుతోంది. అందుకే పగటి సౌరవేళల్లో తక్కువ ధర, సాయంత్రం ఎక్కువ ధర ఉండాలని 2023 జూన్‌లో కేంద్రం నియమాలు తెచ్చింది. వ్యవసాయానికి అవి వర్తించవు. అయితే పొలం మోటారుకు ఒక వెసులుబాటు ఉంది. దీపం రాత్రే వెలగాలి, కాని నీరు ఏ వేళ తోడినా పంటకు ఒకటే. కాబట్టి ఇష్టమొచ్చినట్లు వేళ మార్చగల లోడు ఇదే.

గుజరాత్ 2003లో మొదలుపెట్టిన జ్యోతిగ్రామ్ పథకంలో ఊరి ఫీడరును, పొలాల ఫీడరును విడదీసింది. పొలాల ఫీడరు వేరుగా ఉంటే దానికి ఎప్పుడు సరఫరా ఇవ్వాలో నిర్ణయించవచ్చు. మహారాష్ట్ర 2017 నుంచి ఊళ్ల దగ్గరే సౌరకేంద్రాలు పెట్టి, పగలే పంపులకు కరెంటు ఇచ్చే పథకం చేపట్టింది. కేంద్రం 2019లో ప్రారంభించిన కుసుమ్ పథకం లక్ష్యమూ ఇటువంటిదే.

దీని ప్రయోజనం మెగావాట్లతో ముగిసిపోదు. గ్రిడ్డులో మిగులు రాత్రిపూటే ఉండే కాలంలో పొలాలకు కరెంటు అర్ధరాత్రి వచ్చేది. టార్చిలైటు పట్టుకుని, తడిసిన గట్ల మీదుగా మోటారు వేయడానికి వెళ్లి పాముకాటుకో కరెంటు షాకుకో బలైన రైతుల కథలు మన పల్లెల్లో అందరికీ తెలుసు. ఆ రైతు రాత్రి ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? ఊరి డిమాండు, నగరం డిమాండు, ఫ్యాక్టరీ డిమాండు కలిసి గీసిన గీతలో అతనికి దొరికిన ఖాళీ ఆ వేళ ఒక్కటే గనుక. ఆ గీతను జాగ్రత్తగా చదివి మార్చగలిగితే అతను ఎండపొద్దున మోటారు వేసి, రాత్రి ఇంట్లో నిద్రపోగలడు.